అవతలి రేవులో రెండో కుర్చీ

"అసూయ అనే సరుకు నా సంచీలో లేదు బాబూ, మా వంశంలోనే లేదు, కావాలంటే దులిపి సూసుకో" అని నేను బోర విరుచుకుని చెబుతున్నాను. బల్లకి అవతల కూర్చున్న సుంకం అధికారి నా గుడ్డసంచీని బోర్లించి దులుపుతున్నాడు. అతని ముఖం కాసేపు ఇక్కడి మలేసియా రేవులో సామాన్లు తనిఖీ చేసే ఆయనలా, కాసేపు మా ఊరి బళ్లో నాకు గుణింతాలు దిద్దించిన మేష్టారులా మారుతోంది, ఎటు మారినా కళ్ళజోడు మాత్రం అదే. "కోపం తెచ్చావా? ఆశ తెచ్చావా? అసూయ?" అని మళ్ళీ మొదలుపెడుతున్నాడు. "మా పాదున పుట్టిన గుమ్మడితీగ గట్టు దాటిపోయి పక్కోడి పొలంలో కాసింది బాబూ, ఆ కాయ తొలిసి, అందులోనే ఆడు కూతురి పెళ్ళి సేసినాడు, మేళగాళ్ళు కూడా లోపలే కూకున్నారు. అప్పుడైనా నేను కుళ్ళుకున్నానేటి? ఎల్లి వడ్డన సేసొచ్చినాను" అంటున్నాను. అతను నవ్వడు. నా అరచేతి మీద ముద్ర కొట్టి పొమ్మంటాడు. సంచీ ఈకలా ఉంది.

బల్ల దాటగానే ఆఫీసు లేదు, నీళ్ల మీద చెక్కల వంతెన ఉంది, నడుస్తుంటే ఆ చెక్కలే ఒక వీధిగా మారిపోతున్నాయి, వీధికి ఇరుపక్కలా ఒకేలాంటి ఇళ్ళు, ఒక్కో ఇంటి ముందూ రెండేసి కుర్చీలు. నేను గున్నయ్యననీ, మలేసియాలో లూముట్ రేవు పక్కన నూనె మిల్లులో పంపులు బాగుచేసి, నౌకరీ దిగిపోయాక కూడా అక్కడే ఉండిపోయిన వాణ్ణనీ నాకు గుర్తుంది. ఇంట్లో గ్యాస్ అయిపోయిందనీ, పొద్దుట్నుంచీ టీ చుక్క గొంతులో పడలేదనీ, గ్యాస్ ఎలా తెప్పించాలో దమయంతిని అడగడానికి బయల్దేరాననీ గుర్తుంది. దమయంతి నా భార్య అనీ, ఆమె పోయి రెండు వానాకాలాలు దాటాయనీ మాత్రం, జేబులో తాళంచెవిలా ఎక్కడో గుచ్చుకుంటోంది గానీ చేతికి దొరకడం లేదు.

ఆమె ఒక కుర్చీలో కూర్చుని గోంగూర ఆకులు తుంపుతోంది. నన్ను చూసి లేవదు, ఆశ్చర్యపోదు.

"ఏటయ్యా, సొక్కా తిరగేసి తొడుక్కున్నావు?"

"గ్యాసైపోయిందే" అంటున్నాను, రెండేళ్ల తర్వాత పెళ్ళాన్ని చూసిన మగవాడు అనవలసిన మాట ఇది కాదని తెలుస్తూనే ఉంది.

"గ్యాసైపోతే ఇంత దూరం వొచ్చీసినావా? గ్యాసు కొట్టాయనకి ఫోన్ సెయ్యలేకపోయినావా?"

"సేసినాను. గ్యాస్, గ్యాస్ అని అరిసినాను. ఆడు పెట్టీసినాడు. ఇంకా గట్టిగా అరిసినాను. మళ్ళీ పెట్టీసినాడు."

ఆమె గోంగూర పక్కన పెట్టి మరీ నవ్వుతోంది. పంపులకి ఏ భాషా అక్కర్లేదు, రెంచీ తిప్పితే వింటాయి, అందుకే నేను ఏ భాషా నేర్చుకోలేదు, చేపల బజారులో బేరమాడి బేరమాడి ఆమె నేర్చుకుంది, ఆమె ఉన్నంత కాలం ఇంట్లో గ్యాసూ నీళ్ళూ డాక్టరూ వాటంతటవే నడిచొచ్చేవని నేను అనుకునేవాణ్ణి. ఆ నవ్వు వింటూ నేను రెండో కుర్చీ వైపు అడుగు వేస్తున్నాను, సరిగ్గా అప్పుడే ఆ ఇంట్లోంచి, వంటింట్లోంచి, మూడు గ్లాసుల టీ పట్టుకుని దాలినాయుడు వస్తున్నాడు.

దాలినాయుడు మా పక్క ఊరివాడు, అదే మిల్లులో బాయిలరు దగ్గర పనిచేశాడు, నన్ను బావా అనీ దమయంతిని చెల్లీ అనీ పిలిచేవాడు. దమయంతి పోయాక నా పనులన్నీ తన నెత్తినేసుకున్నాడు. ఇక్కడ ఉండనిచ్చే ముద్ర కొట్టించడం, ట్యాంకు కుళాయి, బీపీ మాత్రలు, అన్నీ ఆయనే. బతికే ఉన్నామని ఏటేటా రుజువు చేసుకోవాల్సిన పని ఒకటుంటుంది మా బోటి ముసలాళ్ళకి, దానికీ ఆయనే వెంట వచ్చేవాడు, నేను బతికున్నానని నాకంటే గట్టిగా ఆయనే చెప్పేవాడు. పోయిన నెల ఆయనా పోయాడు. పోయినవాడు ఎక్కడికి పోయాడో ఇప్పుడు తెలుస్తోంది.

"రా బావా, టీ తాగు" అంటూ రెండో కుర్చీలో కూలబడుతున్నాడు.

చేతిలో సంచీ బరువుగా తగులుతోంది. లోపల చూస్తే ఏమీ లేదు.

"మొన్నే గదరా వొచ్చినావు, అప్పుడే వంటింట్లో దూరిపోనావా?"

"సెల్లి ఇంట్లో కుళాయి కారతంది బావా. బాగు సేసినాను."

"కుళాయి! పంపుల మేస్త్రీ పెళ్ళానికి బాయిలరోడు కుళాయి బాగు సెయ్యడమా?"

"నువ్వు రాలేదు గదా" అంటోంది దమయంతి, చాలా మామూలుగా. "నాయుడన్న వొచ్చిన రోజే అన్నీ సూసీసినాడు. గోంగూర ఎక్కడ దొరుకుతాదో కనుక్కున్నాడు. ఆస్పత్రి సూపించినాడు."

"ఇక్కడ ఆస్పత్రెందుకే? ఇంకేటి రావాలి మీకు?"

"రోగానికి కాదు బావా" అంటున్నాడు దాలినాయుడు, టీ ఊదుకుంటూ. "బెంచీ మీద వరసలో కూకుంటే నలుగురూ పరిచయమవుతారు. కొత్త దేశంలో ముసిలోడు ముందు ఎతుక్కోవాల్సింది ఆ బెంచీయే."

గోంగూర అనగానే సంచీలో ఒక రాయి పడినట్టయింది, ఆస్పత్రికి ఇంకొకటి, ఆ బెంచీ మీద వీళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చున్నారని తోచగానే రోలంత రాయి ఒకటి. భుజం ఒరిగిపోతోంది. టీ గ్లాసు తీసుకుంటున్నాను, ఆ టీ బాగుండకూడదని అన్ని దిక్కులకీ మొక్కుకుని తాగుతున్నాను, అల్లం వేసి, సరిగ్గా దమయంతి పెట్టినట్టే ఉంది. వీడికిది ఎవరు నేర్పారు? నా ఇంట్లో ఇన్నేళ్ళూ తాగి నేనెందుకు నేర్చుకోలేదు? వీధి పొడుగునా ఇళ్ళు నీళ్లలోకి కొంచెం కొంచెం వాలుతున్నాయి, నేను మాత్రం కుర్చీలనే లెక్కపెడుతున్నాను, ఇంటికి రెండు, ఇంటికి రెండు, ఎక్కడా మూడోది లేదు.

"దమయంతీ" అంటున్నాను. "ఆ కుర్చీ ఎవరిదే?"

ఆమె నా ముఖంలోకి చూస్తోంది. "సంచీ కింద పెట్టు ముందు. దాని బరువుకి పడిపోయేలా ఉన్నావు."

"కుర్చీ ఎవరిదే?"

"లెగు నాయుడన్నా, సూపించు."

దాలినాయుడు లేస్తున్నాడు. ఆయన కూర్చున్న చోట, నాలుగు మడతలు పెట్టి, ఎర్రంచు తువ్వాలు ఉంది. నాదే.

"పెళ్ళైన కొత్తలో టెక్కలి బస్సు కిటికీలోంచి తువ్వాలిసిరి నాకు సీటాపలేదేటి నువ్వు? ఎవుడో కూకోబోతే, తువ్వాలుంది కనబడలేదా అని వాడి మీద పడిపోలేదేటి?" అంటోంది దమయంతి. "నేనూ అలగే ఆపినాను. ఉట్టి తువ్వాలైతే ఇక్కడోళ్ళు తీసి పారేత్తారని నాయుడన్నని కూకోబెట్టినాను."

"కూకుని కూకుని నడుం పట్టీసింది బావా" అంటున్నాడు దాలినాయుడు.

నేను కూర్చోబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెడుతోంది. "ఇప్పుడు కాదు. ఎల్లి గ్యాస్ తెప్పించుకో. ఫోనెత్తగానే గ్యాసని అరవకు. ఆ మనిసిని ముందు అన్నం తిన్నావా అని అడుగు. ఆళ్ళ బాసలో సుదా మకాన్. అను."

"సుదా మకాన్" అంటున్నాను, పలక మీద దిద్దినట్టు.

అంతలోనే వంతెన, అంతలోనే బల్ల. సుంకం అధికారి నా సంచీని ఎత్తలేక ఇంకో మనిషిని పిలుస్తున్నాడు. "అసూయ లేదన్నావు?" "ఉంది బాబూ" అంటున్నాను, ఎందుకో నవ్వొస్తోంది. "బస్తాడుంది. గుమ్మడికాయ నాడూ ఉంది. ఆ పెళ్ళికి నేనెల్లలేదు, ఇంట్లో ముసుగు తన్ని పడుకున్నాను." "లోపలికి తేకూడదు గానీ బయటికి తీసుకుపోవచ్చు, నీ సరుకు నీదే" అని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు, ఆ తుడవడంలో అతని ముఖమే చెరిగిపోతోంది.

లేచేసరికి వరండాలో ఉన్నాను, మధ్యాహ్నం దాటిన ఎండ మోకాళ్ళ మీదికి వచ్చింది, భుజం నిజంగానే పట్టేసింది. లేచి ఫోన్ చేశాను. కొట్టాయన హలో అనగానే "సుదా మకాన్?" అన్నాను. ఆయన నవ్వి, ఏమేమో చెప్పాడు, ఒక్క ముక్క అర్థం కాలేదు, చివర నేను మెల్లగా "గ్యాస్" అన్నాను. సాయంత్రానికి సిలిండరు వచ్చింది. మోసుకొచ్చినాయన ఆయాసంతో, వరండాలో దమయంతి కూర్చునే కుర్చీలో కూలబడబోయాడు. దాని మీద నా ఎర్రంచు తువ్వాలు ఉంది. ఆమె పోయిన దగ్గర్నుంచీ రోజూ నేనే అక్కడ వేస్తున్నాను, చూసినవాళ్ళు ఆరేశాననుకుంటారు. నేను లేచి ఆయనకి నా కుర్చీ ఇచ్చి, నిలబడి టీ పెట్టాను. అల్లం ఎక్కువైంది.

గ్యాస్ వచ్చిన మాట నిజం, కలలో దాలినాయుడు టీ ఇచ్చిన మాటా నిజం. అబద్ధం ఒక్కటే చెప్పాను. ఆ రెండో కుర్చీ మీద తువ్వాలు లేదు. ఎవరిదే అని నేను అడిగినప్పుడు దమయంతి గోంగూర తుంపుకుంటూ ఉండిపోయింది, దాలినాయుడు లేవనూ లేదు. ఆ తువ్వాలు ఇప్పుడు, ఇది మీకు చెబుతూ చెబుతూ, ఆనాటి బస్సు కిటికీలోంచి విసిరినట్టే, నేనే ఆ కలలోకి విసిరాను. సీటు మీదే పడిందని అనుకుంటున్నాను.