తప్పంతా జాయింట్‌దే

గురి తప్పినప్పుడల్లా మామయ్య తప్పంతా జాయింట్ మీదికి నెట్టేవాడు.

"విను, లోపల కదులుతోంది" అంటూ పూల్ ఆడే క్యూ కర్రని మేనకోడలి చెవి దగ్గర పెట్టి, పిడి మీద వేలితో తట్టేవాడు. నిజంగానే లోపల సన్నగా టిక్కుమనేది. అది జాయింట్ దగ్గర కలిసే రెండు ముక్కల క్యూ. పిడి ముక్కలోంచి పొడుచుకొచ్చిన ఇత్తడి మర, పై ముక్కలో కోసిన చెక్క మరల్లోకి ఎక్కి కూర్చోవాలి. ఏళ్ల తరబడి విప్పీ బిగించీ చెక్క మరలు అరిగిపోయాయి. మామయ్య పైపులకు చుట్టే తెల్ల టేపు చుట్టి చూశాడు. రెండాటలకే అది పోగులు పోగులుగా ఊడొచ్చింది.

"నువ్వు ఒక్క పూట కూర్చుంటే అయిపోయే పనే కదా" అని రోజూ అడిగేవాడు.

"రేపు చూస్తాలే మామయ్యా" అనేదామె.

ఆమెకు రాని పనేం కాదు. తల్లి పోయాక ఆమెను పెంచింది మామయ్యే. బడి వదలగానే నేరుగా ఆయన కొయ్య తిప్పి చెక్కే లేత్ షెడ్డుకే వచ్చేది. మంచం కోళ్లూ, కుర్చీ కాళ్లూ, మెట్ల పక్క కొయ్య కమ్మీలూ ఇప్పుడు ఆమే తిప్పుతోంది. మామయ్య మాత్రం పెద్దరికం చంపుకోలేక రోజూ వచ్చి, తిరుగుతున్న కొయ్య మీద ఉలి ఆనించబోయేవాడు. ఆయన కుడిచేయి వణుకుతుండేది. ఆ వణుకు పెరిగేదే తప్ప తగ్గేది కాదని డాక్టరు ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచి చెప్పాడు. మెల్లగా మీరే చెప్పండి అన్నాడు. బయట బెంచీ మీద కూర్చున్న మామయ్య "ఏమన్నాడు?" అని అడిగితే, ఆమె "నీరసమట, మాత్రలు రాశాడు" అంది.

జాయింట్ బాగుపడితే ఇక నిందించడానికి చేయి ఒక్కటే మిగులుతుంది. అందుకే ఆ పనిని రేపటికీ, ఎల్లుండికీ నెడుతూ వచ్చింది.

పూల్ హాల్లో మామయ్యను సూది అని పిలిచేవాళ్లు. వేలు దూరని సందులోంచి బంతిని పంపేవాడని ఆ పేరు. పెట్టింది ఆటలో ఆయన పాత జోడీ, దర్జీ.

"ఏం బావా, సూది మొద్దుబారిందా?" అన్నాడు దర్జీ ఒక ఆదివారం.

"జాయింట్ పోయింది."

"క్యూదా, నీదా?"

"నువ్వు మెట్లెక్కుతుంటే మోకాళ్ల చప్పుడు వీధి చివరికి వినపడుతోంది. నా సంగతెందుకు నీకు?"

హాలంతా నవ్వింది. మేనకోడలికి నవ్వు రాలేదు.

మర్నాడు ఆమె కొయ్య తెచ్చేందుకు వెళ్లి తిరిగొచ్చేసరికి షెడ్డులో లేత్ తిరుగుతోంది. మామయ్య క్యూ పై ముక్కను దానికి బిగించి, చేతిలో డ్రిల్లు బిట్టుతో వంగి ఉన్నాడు. బిట్టు మొన గాల్లో గీతలు గీస్తోంది. ఆమె స్విచ్చి కట్టేసింది.

"నువ్వు చూడవు కదా. నేనే చూసుకుంటా" అన్నాడాయన.

"ఇలా ఇవ్వు."

ఆ సాయంత్రమే పనిలో కూర్చుంది. మరల్లో ఇరుక్కున్న టేపు పోగుల్ని సన్నటి తీగతో లాగేసింది. పల్చటి జిగురు చుక్కలు చుక్కలుగా లోపల వేసి, అడుగున మడుగు కట్టకుండా ముక్కను వేళ్ల మధ్య దొర్లించింది. ఒక చుక్క తక్కువ వేస్తే చాలు, టిక్కుమనే చప్పుడు మిగిలే ఉంటుంది. ఆ ఆలోచన వచ్చింది. చేయి ఒప్పుకోలేదు. సగం పని చేసి ఇవ్వడం మామయ్య ఆమెకు నేర్పలేదు. తడి మీద ఎక్కిస్తే ముక్కలు అతుక్కుపోతాయని పూర్తిగా ఆరనిచ్చింది. ఇత్తడి మరకు మైనం పూసి, కాస్త ఎక్కిస్తూ, వెనక్కి విప్పుతూ, చివరికి రెండు ముక్కల అంచులూ గోరు ఆగనంతగా కలిపింది.

తర్వాతి ఆదివారం మామయ్య హాల్లో అందరి ముందూ క్యూని చెవికి ఆనించి తట్టాడు. చప్పుడు లేదు. ముఖం వెలిగింది. మొదటి బంతి టేబులు మూల జేబు అంచుకు జానెడు దూరంలో ఉంది, పిల్లలు కూడా వేసేది. వంగి, గురి చూసి, కొట్టాడు. తెల్ల బంతి దాన్ని తాకకుండానే పక్కనుంచి వెళ్లిపోయింది.



"టేబులు వాలుగా ఉన్నట్టుంది బావా" అన్నాడు దర్జీ.

"నువ్వూరుకో."

"జిగురు సరిగా పట్టలేదేమో మామయ్యా. రేపు మళ్లీ చూస్తా" అంది మేనకోడలు.

ఆయన అంచులు కలిసిన చోట బొటనవేలితో చాలాసేపు రుద్దాడు. ఊఁ అంటే చాలు, ఇంకొన్నాళ్లు గడిచిపోయేవి.

"నా దగ్గర పని నేర్చుకుని, నా ముందే నీ పనికి వంక పెడతావా?" అన్నాడు. "జాయింట్ రాయిలా ఉంది."

క్యూ విప్పడం మొదలుపెట్టాడు. పట్టు జారుతోంది. ఆమె చేయి చాచబోయి ఆగిపోయింది. దర్జీ సుద్దముక్క వెతుకుతున్నట్టు అటు తిరిగాడు. ముక్కలు విడివడ్డాక మామయ్య వాటిని సంచిలో పెట్టుకుని మెట్లు దిగాడు.

వీధి మలుపు దాకా నడిచాక మామయ్య ఆగాడు.

"తగ్గదన్నాడు కదూ డాక్టరు?"

"తగ్గదన్నాడు."

ఆయన తలూపాడు. సంచిని ఎడమచేతికి మార్చుకున్నాడు.

"రేపట్నించి నన్ను లేత్ దగ్గరికి రానీకు" అన్నాడు. "నేను గొడవ చేస్తాను. చేసినా రానీకు."