అల్లుడుగారు వచ్చి వెళ్లారు

ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉండగానే పెద్దావిడ తల దువ్వించుకుంటోంది.

"జడ గట్టిగా బిగించవే. నలుగురిలోకి పోతున్నా. నేను పోతుంటే చూడ్డానికి అధికారులొస్తున్నారు."

"మీ నోట మంచిమాట రాదా అత్తయ్యా?" అంటూనే కోడలు నవ్వింది.

ఆ ఇంట్లో ఎప్పుడూ రెండు మిషన్ల చప్పుడు వినిపిస్తుంది. ఒకటి కిటికీ దగ్గర కోడలు బట్టలు కుట్టే కరెంటు మిషను. రెండోది మంచం పక్కన పెద్దావిడకు ఊపిరి అందించే మిషను. మొదటిది ఆగితే కోడలికి విశ్రాంతి. రెండోది ఆగకూడదు.

ఎండలు ముదిరితే నగరం మొత్తానికి ఒక్కసారిగా కరెంటు పోవచ్చని, రోజుల తరబడి రాకపోవచ్చని పెద్దలు హెచ్చరించారు. దాంతో నగరపాలక కార్యాలయం ప్రతి వార్డులోనూ ఒక రక్షణ కేంద్రం పెట్టి, ఆపద వస్తే ఏం చేయాలో ముందుగా చేసి చూపించే విన్యాసం మొదలుపెట్టింది. ఈ వార్డుకు బడి హాలు కేంద్రమైంది. రోగి వేషం పెద్దావిడకు దక్కింది.

హాలులో దీపాలు ఆర్పేశారు. ఆమెను స్ట్రెచర్ మీద తెచ్చారు. పెద్దావిడ కళ్లు మూసుకుని, నాలుక బయటపెట్టి పడుకుంది.

"అమ్మా, ఇందులో రోగి బతకాలి. నాలుక లోపల పెట్టుకోండి," అన్నాడు వార్డు అధికారి.

జనం ఘొల్లుమన్నారు. వరండాలో జనరేటరు గుర్రుమంది. దీపాలు వెలిగాయి, పెద్దావిడ మిషను తిరిగింది. హాలంతా చప్పట్లతో మార్మోగింది. అందరికంటే గట్టిగా కొట్టింది కోడలు. తన అత్తకు ఇక భయం లేదన్న ధీమా ఆ చప్పట్లలో ఉంది.

ఆ జనరేటరును తెచ్చిన లారీ డ్రైవరు కోడలి భర్తే. ఆ సాయంత్రం అన్నం తింటూ అతను పనిలోని తమాషా చెప్పాడు.

"మేం దాన్ని అల్లుడుగారంటాం. ఇవాళ ఈ వార్డు, రేపు పక్క వార్డు. పోయినచోటల్లా మర్యాదలే. తుడవడం, రంగులెయ్యడం, ఫొటోలు దిగడం! సాయంత్రానికి బండెక్కించుకుని పోవడమే. ఊరంతటికీ ఒక్కడే అల్లుడు."

కోడలు పొలమారేదాకా నవ్వింది. పెద్దావిడా నవ్వింది. నవ్వుతూనే అడిగింది.

"మరి నిజంగా కరెంటు పోయిన రోజున మీ అల్లుడుగారు ఏ అత్తారింట్లో ఉంటాడ్రా?"

"నీకెందుకే అమ్మా, నా లారీలోనే కదా ఉండేది! ఫోన్ కొడితే చాలు, ముందు మనింటికే తెస్తా."

పాఠకులారా, ఆ ప్రశ్న ఎంతటిదో చూడండి. లెక్కల్లో ప్రతి వార్డుకూ జనరేటరు ఉంది. నగరంలో ఉన్నది ఒక్కటే. బల్లల చుట్టూ కూర్చున్న అధికారులు అడగని మాట ఊపిరాడని ముసలమ్మ అడిగింది. కన్నకొడుకే దాన్ని నవ్వుతో సరిపెట్టాడు. మిగతావాళ్ల సంగతేమిటని అతనికీ తట్టలేదు, కోడలికీ తట్టలేదు.

ఎండలు ముదిరాయి. ఒక ఉదయం రెండు మిషన్లూ ఒకేసారి ఆగిపోయాయి.

కోడలు చిన్న ఆక్సిజన్ సిలిండరు తగిలించి భర్తకు ఫోన్ చేసింది. మోగలేదు. మళ్లీ చేసింది. టవర్లకూ కరెంటే కావాలని ఎవరు అనుకున్నారు! పై వాటాలో ఉండే బస్సు కండక్టరు, అతని భార్య సాయం పట్టగా, పెద్దావిడను కుర్చీతో సహా బడి హాలుకు మోసుకెళ్లారు. అక్కడ అప్పటికే చాలామంది ఉన్నారు. గోడమీద 'సర్వం సిద్ధం' అన్న గుడ్డ ఇంకా వేలాడుతోంది. వరండాలో జనరేటరు నిలబెట్టిన చోట నూనె మరక మాత్రం ఉంది.

"తెస్తారు అత్తయ్యా. మీ అబ్బాయే తెస్తున్నారు," అంది కోడలు ఆమె వీపు నిమురుతూ.

సిలిండరు ముల్లు కిందికి దిగుతోంది. పెద్దావిడ కళ్లు తెరిచి కోడలి వైపు చూసింది.

"ఈసారి నాలుక లోపలే పెట్టుకున్నానే," అంది.

ఆమె మాట్లాడిన చివరి మాట అదే.

కొడుకు అబద్ధమాడలేదు. కరెంటు పోగానే, ఎవరి ఆజ్ఞా లేకుండానే, గోదాము నుంచి జనరేటరుతో బయలుదేరాడు. సిగ్నళ్లు ఆరిపోయి కూడళ్లన్నీ బిగుసుకుపోయాయి. సందుల్లోంచి తిప్పుకుని వస్తుంటే ఇంకో వార్డు జనం లారీకి అడ్డం నిలబడ్డారు. వాళ్లచేతా చప్పట్లు కొట్టించిన జనరేటరే అది. చూడగానే గుర్తుపట్టారు.

"మా నాన్నకు ఊపిరాడట్లేదన్నా. ఇది మా వార్డుదే కదా! మొన్న చూపించారు కదా!" అంటూ ఒకామె తలుపు పట్టుకుంది.

"మా అమ్మక్కూడా..." అన్నాడతను. ఆమె వెనక ఇంకా ముగ్గురు రోగులు మంచాల మీద ఉన్నారు. అతను దిగి, తన చేతులతోనే వైర్లు కలిపాడు. అక్కడ దీపం వెలిగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

లారీ అక్కడే వదిలి పరుగెత్తి వచ్చేసరికి తల్లి తల కోడలి ఒడిలో ఉంది. మొహాన చీర కొంగు కప్పి ఉంది. అతను ఆ కొంగు తీసి చూశాడు.

"ఏ అత్తారింట్లో ఉన్నాడండీ మీ అల్లుడు?" అని అడిగింది భార్య. ఆ గొంతులో కోపం లేదు. ఏమీ లేదు.

కరెంటు వచ్చింది. కొన్నాళ్లకు వార్డు అధికారి మళ్లీ బడి హాలులో సభ పెట్టాడు. పోయినవాళ్లకు సంతాపం చెప్పాడు. లోపాలు సవరించుకున్నామన్నాడు. వరండాలో అదే జనరేటరు కొత్త రంగుతో మెరుస్తోంది. లారీకి వేరే డ్రైవరు వచ్చాడు, ఎందుకంటే పెద్దావిడ కొడుకు ఆ తర్వాత స్టీరింగు పట్టలేదు.

"ఈసారి రోగిగా ఎవరు చేస్తారమ్మా?" అన్నాడు అధికారి.

కోడలు లేచింది. సభల్లో నోరెత్తి ఎరగని మనిషి.

"అయ్యా, అది సాయంత్రం ఇక్కడే ఉంటుందా?"

"పైకి రాశామమ్మా. త్వరలోనే ప్రతి వార్డుకూ..."

"ఉంటుందా, ఉండదా?"

అధికారి కాగితాలు సర్దుకున్నాడు. వెనక వరుసలో ఎవరో గుసగుసలాడారు. "పాపం, అత్త పోయిన బాధలో ఉంది, కూర్చోబెట్టండి."

ఆమె కూర్చోలేదు. జనం వైపు తిరిగింది.

"మా అత్తయ్య ఈ మాటే అడిగింది. నేను నవ్వాను. నా మొగుడు నవ్వాడు. మనమంతా ఇక్కడే కూర్చుని చప్పట్లు కొట్టాం. వాళ్లు ఒక్కటే తెచ్చి పదిచోట్ల చూపించారు, అది వాళ్ల తప్పు. అది మళ్లీ లారీ ఎక్కుతుంటే కళ్లారా చూసి కూడా ఎవరం అడ్డం నిలబడలేదు. అది మన తప్పు కాదా?"

అంతలో దీపాలు ఆర్పారు, జనరేటరు గుర్రుమంది, దీపాలు వెలిగాయి. ఎక్కడో ఒక జత చేతుల చప్పట్లు మొదలయ్యాయి. అలవాటుగా మరికొన్ని కలిశాయి. బయట కూలీలు తాళ్లు సిద్ధం చేస్తున్నారు. పక్క వార్డులో సభకు వేళవుతోంది.

కోడలు తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ప్రజలారా, ఆపదకు పనికొచ్చేది అది వచ్చిన రోజున మన దగ్గర ఉండేదే గాని ఈనాడు మనకు చూపించేది కాదు. అడగవలసిన చోట చప్పట్లు కొట్టిన చేతులే రేపు మనవాళ్ల పాడె మోస్తాయి.