వేడినీళ్ళ కత్తి

నర్సింగం కత్తిని వేడినీళ్ళలోంచి తీసి, గుడ్డతో రెండు పక్కలా తుడిచి, తేనెపట్టు కట్టిన చెక్క ఫ్రేమును ముందుకు వంచి పట్టుకుని కింది నుంచి పైకి కోశాడు. తేనె నిండిన గదుల మీద తేనెటీగలు కప్పిన మైనం పొర పలచటి రొట్టెలా లేచి తట్టలోకి జారింది. సగం దాకా బాగానే వచ్చింది. అక్కడ కత్తి చల్లబడి, కొయ్యడం మాని గుంజడం మొదలుపెట్టింది. గదులు చితికి తేనె అతని మోచేతి దాకా కారింది.

"థూ, ఈ కత్తిల మన్నువడ" అన్నాడు.

కత్తి తనదే. జానెడున్నర పొడుగు, పిడి విరిగితే కర్ర పిడి వేసి, దాని మీద నారింజ రంగు చీర దారం బిగించి చుట్టింది కూడా తనే. నిన్నటి దాకా దాన్ని ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. ఇవాళ తిడుతున్నాడు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ అతనికి అన్నింటి మీదా ఒళ్ళు మండుతోంది. చాయ్ నీళ్ళలా ఉందని అక్క మీద మండిపడ్డాడు. అల్లం దంచి వేశాను కదరా అని ఆమె అంటే, వేసిందానికి రుచి ఉండాలి కదా అన్నాడు. రాత్రి బార్డోలీ నుంచి టెంపోలో వచ్చిన ఫ్రేముల పెట్టెలు దించినందుకు నడుము లాగుతోందని టెంపోవాణ్ణి తిట్టాడు. మూతి మీద మాస్కును గడ్డం కిందికి లాక్కుని, దాన్నీ తిట్టాడు.

సూరత్ పాండేసరలోని ఆ రేకుల షెడ్డు ఒకప్పుడు మగ్గాల కార్ఖానా. నర్సింగం సిరిసిల్ల వైపు నుంచి మీసం రాకముందే సూరత్ వచ్చి, వయసంతా ఈ నాలుగు గోడల మధ్యే మగ్గాలు నడిపాడు. ఆ మోతకు చెవులు సగం పోయాయి. మొదటి లాక్‌డౌన్‌లో ఆగిన మగ్గాలు మళ్ళీ నడవలేదు. సేఠు వాటిని ఇనుము కింద తూకానికి అమ్మేశాడు. నేల మీద బోల్టుల గుంతలు మాత్రం మిగిలాయి. ఇప్పుడక్కడ ఒక బల్ల, తేనె తీసే డ్రమ్ము, ఒక పొయ్యి తప్ప ఏమీ లేవు. షెడ్డంతా ఖాళీ. అయినా నర్సింగం ఈ చివరి నుంచి ఆ చివరికి పోవాలంటే భుజం పక్కకు తిప్పి, పొట్ట లోపలికి పీల్చుకుని, లేని మగ్గాల సందుల్లోంచే నడుస్తాడు. ఆ అలవాటు చూసి అక్క నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ, కాళ్ళకు చెప్పేదెవరు?

షెడ్డును అద్దెకు తీసుకున్నది పార్థసారథి. ఆంధ్ర ఆయన, హజీరాలో ఒక కంపెనీలో ఇంజనీరు. ఇంట్లో కూర్చుని పనిచేసిన కాలంలో తేనెటీగల మీద మనసు పడి, బార్డోలీ పక్క పొలాల్లో పెట్టెలు పెట్టించాడు. షెడ్డుకు కాపలా ఉన్న నర్సింగాన్నే పనిలోకి తీసుకున్నాడు. నర్సింగం తన అక్క వెంకటవ్వను తెచ్చుకున్నాడు. అతను కత్తితో పొర కోస్తాడు. కత్తికి అందని పల్లపు గదులను ఆమె ముళ్ళ దువ్వెన లాంటి ఫోర్కుతో గీకుతుంది. ఆ తర్వాత ఫ్రేములు డ్రమ్ములో పెట్టి తిప్పుతారు. ఇద్దరి పని, ఇద్దరి కూలి. అన్నీ ఒక దారిన పడ్డాయి అనుకుంటుండగా నిన్న సాయంత్రం సారు ఫోన్ చేశాడు.

గిట్టుబాటు కావడం లేదన్నాడు సారు. వచ్చే నెల నుంచి ఒక్క మనిషితోనే నడపాలన్నాడు. కరెంటు కత్తి ఒకటి, ముళ్ళ రోలరు ఒకటి పంపించాననీ, పాతవాటితో పాటు అన్నీ వాడి చూసి, ఒక్కరితో అయ్యే పనిముట్టు ఏదో సాయంత్రం తను వచ్చేసరికి చెప్పమన్నాడు. ఆ ఒక్క మనిషి నర్సింగమేనని వేరే చెప్పనక్కర్లేదు.

అక్కకు ఈ సంగతి తెలియదు. నర్సింగం పరిస్థితి కక్కలేక మింగలేక అన్నట్టుంది. వెంకటవ్వ మొగుడు పోయాక మరుదులు ఆమెకు అరుగు చూపించారు. అరుగు మీద వండుకుని, అరుగు మీద పడుకుని, చివరికి తమ్ముడు కబురు పెడితే సంచీ పట్టుకుని సూరత్ రైలెక్కింది. వచ్చిన రోజే నవాగామ్‌లోని అతని గది గుమ్మంలో నిలబడి చెప్పింది. తమ్ముడి ఇంట్లో ఉత్తగా కూర్చుని తినడం తనతో కాదనీ, పని ఉన్నన్నాళ్ళే ఉంటాననీ. ఆమె మాట ఆమెకు శాసనం. పని లేదంటే మర్నాడే సంచీ సర్దుతుంది. మళ్ళీ ఆ అరుగు మీదికే పోతుంది. నర్సింగానికి పెళ్ళాం పోయి చాలా కాలమైంది, కూతురు భివండిలో అత్తారింట్లో ఉంది. అక్క వచ్చాకే గదిలో ఇంత దీపం పెట్టినట్టయింది. ఆ దీపాన్ని తన చేత్తో తనే ఆర్పమంటున్నాడు సారు. కోపం రాక ఏం చేస్తుంది?

కాబట్టి నర్సింగం రాత్రే ఒక నిర్ణయానికొచ్చాడు. ఏ పనిముట్టుకైతే రెండో మనిషి కావాలో, అదే మంచిదని చెప్పాలి. అబద్ధమైనా సరే.

ముందుగా ముళ్ళ రోలరు తీశాడు. పసుపు ప్లాస్టిక్ పిడి, దాని చివర చుట్టూ ముళ్ళున్న చిన్న గొట్టం. చూడ్డానికి పిల్లల ఆటవస్తువులా ఉంది. దీంతో ఏమవుతుందిలే అని ధైర్యంగా ఫ్రేము మీద దొర్లించాడు. ముళ్ళు పొరకు సన్నగా బెజ్జాలు పొడిచాయి. ఎత్తు గదులూ పల్లపు గదులూ ఒకటే లెక్క. వేడినీళ్ళు వద్దు, తుడవడం వద్దు. ఫ్రేమును డ్రమ్ములో పెట్టి తిప్పితే తేనె బెజ్జాల్లోంచి జల్లున గోడకు కొట్టింది.

రోలరు పనిచేస్తోంది. అదే వచ్చిన చిక్కు.

నర్సింగం ఇంకో ఫ్రేము తీసి, దాని మీద మొత్తం బరువు వేసి తొక్కినట్టు దొర్లించాడు, గదులు నలిగితే చూపించి తిడదామని. కొన్ని నలిగాయి. అయినా తేనె వచ్చింది. మూడో దాని మీద అడ్డదిడ్డంగా దొర్లించాడు. అప్పుడూ వచ్చింది. చెడిపోని వస్తువుతో పోట్లాడటం ఎంత కష్టమో అతనికి ఆ పూట తెలిసింది.

అది చాలదన్నట్టు వెంకటవ్వ చెయ్యి చాపి రోలరు తీసుకుంది. నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ దొర్లించి, ముఖం వెడల్పు చేసుకుంది. రోజూ ఫోర్కుతో గీకీ గీకీ ఆమె మణికట్టు వాచి ఉంటుంది. రాత్రిళ్ళు ఉప్పు కాపడం పెట్టుకుంటుంది.

"గిది మంచిగున్నది రా తమ్మీ. చెయ్యి నొస్తనే లేదు."

"ఏం మంచిగున్నది? మైనం తుక్కు మొత్తం జల్లెడల నిండుతది" అన్నాడు నర్సింగం.

నిండితే కడుగుతానంది ఆమె. చేతకాక వస్తువు మీద పడుతున్నావంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస అని కూడా అంది. నర్సింగం ఆమె చేతిలోంచి రోలరు గుంజుకుని గూట్లో పెట్టాడు. తన మెడకు పడబోయే తాడు మెత్తగా ఉందని మెచ్చుకుంటున్న మనిషికి ఏం చెప్పాలి? చెప్పలేక వేడినీళ్ళ కత్తి తీసుకుని కసిగా నాలుగు ఫ్రేములు కోశాడు. నీళ్ళు చల్లారితే పొయ్యిని, పొయ్యి ఆరితే గ్యాసును, కత్తి ఆగితే కత్తినీ తిట్టాడు. వేడినీళ్ళ కత్తి ఇద్దరికీ పని పెడుతుంది, నిజమే. కానీ ఈ నత్తనడక చూస్తే సారు నవ్వుతాడు. మిగిలింది కరెంటు కత్తి.

కరెంటు కత్తి ఇంకా బరువు. వైరు మోచేతికి చుట్టుకుంటుంది. కానీ మెరుస్తోంది, ప్లగ్గు ఉంది, ఇంజనీరుకు ప్లగ్గున్న వస్తువు నచ్చకుండా ఉండదు. అన్నిటికీ మించి, అది ఎత్తు గదుల పొర మాత్రమే లేపుతుంది. పల్లపు గదులకు ఫోర్కు కావాల్సిందే. ఫోర్కు కావాలంటే అక్క కావాల్సిందే. నర్సింగం మనసు కాస్త కుదుటపడింది. వేగం బాగా కనబడాలని, వేడి పెంచే బొత్తాన్ని చివరి దాకా తిప్పాడు.

అప్పటికి వెంకటవ్వ వడపోత గుడ్డలు ఉతకడానికి సందులోని నల్లా దగ్గరికి పోయింది. ఈగలు లోపలికి రాకుండా షట్టరు మోకాలి ఎత్తు వరకు దించి ఉంది. నర్సింగం ఒక్కడే ఫ్రేము మీద ఫ్రేము కోసుకుంటూ పోయాడు. కత్తి ఎక్కడా ఆగడం లేదు. పొర తగలగానే సుయ్యిమని కరిగిపోతోంది. అంచుల్లో మైనం గోధుమ రంగుకు తిరుగుతోంది, పైకి సన్నగా ఆవిరి లేస్తోంది. ఆవిరే అనుకున్నాడు. ఒళ్ళంతా నొప్పిగా ఉన్నా, ఆ రోజు మొదటిసారి అతనికి పని చేతిలో ఉన్నట్టనిపించింది. కోసినవన్నీ డ్రమ్ములో తిప్పి, తేనెను పొద్దున తీసినదాంట్లోనే కలిపేశాడు. సారు వచ్చాక చెప్పాల్సిన మాటలను లోపల్లోపల వరస కూడా పెట్టుకున్నాడు.

పొద్దు వాలుతుండగా పార్థసారథి వచ్చాడు. షట్టరు ఎత్తి, గుమ్మంలోనే ఆగిపోయాడు. ముఖానికి ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులున్నాయి.

"ఏం మాడింది నర్సింగం?" అన్నాడు.

నర్సింగానికి అర్థం కాలేదు. చెవులు సరిగా లేవు కనక తప్పు విన్నాననుకుని, కరెంటు కత్తి ఎత్తి చూపించి, ఇది అన్నిటికన్నా మేలు సార్, కాకపోతే పక్కన ఫోర్కుకు ఒక మనిషి ఉండాలి అని తన మాటలు మొదలుపెట్టాడు. సారు వినడం లేదు. డ్రమ్ము దగ్గరికి పోయి వంగి చూస్తున్నాడు. ఇంతలో తడిగుడ్డలు భుజాన వేసుకుని వెంకటవ్వ లోపలికి వచ్చింది. రాగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏందిరా గీ మాడు వాసన? తేనె మొత్తం కమరబెట్టినవా?"

నర్సింగం కరెంటు కత్తిని బల్ల మీద పెట్టి, డ్రమ్ములో వేలు ముంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గట్టిగా పీల్చాడు. తర్వాత నాలుక మీద రాసుకున్నాడు. జిగురుగా తగిలింది, అంతే. తేనె కాదు, మాడు కాదు, ఏమీ కాదు. పొద్దుటి చాయ్ గుర్తొచ్చింది. అల్లం దంచి వేశాననే చెప్పింది అక్క.

"నాకైతె ఏం వస్తలేదు" అన్నాడు మెల్లగా.

కరోనా వచ్చిన రెండో ఏడు ఏప్రిల్‌లో ఆ మాటకు అర్థం తెలియనివాళ్ళు సూరత్‌లో ఎవరూ లేరు. సారు రెండడుగులు వెనక్కి వేశాడు. వేసినందుకు సిగ్గుపడినట్టు ఒకడుగు ముందుకు వచ్చి, వెంటనే పరీక్ష చేయించుకోండి, మందులూ ఖర్చూ తను చూసుకుంటానన్నాడు. వెంకటవ్వ తమ్ముడి నుదురు ముట్టుకోబోయింది. అతను బల్ల మీద చేతికందిన కత్తిని నీళ్ళ గిన్నెలో పడేసి, లేని మగ్గాన్ని తప్పించుకుంటున్నట్టు పక్కకు జరిగాడు.

"దగ్గరికి రాకు అక్కా." గడ్డం కింద ఉన్న మాస్కును ముక్కు మీదికి లాక్కున్నాడు. కంగారులో నీళ్ళ గిన్నెలో వేసింది తన పాత కత్తి. కరెంటు కత్తి బల్ల మీద ఇంకా కాలుతూనే ఉంది. దాని ప్లగ్గు తీసేసి, సారు వైపు తిరిగాడు. పొద్దుటి నుంచి లోపల మండుతున్నదంతా చల్లారినట్టయింది. ఇప్పుడు భయం ఒక్కటే మిగిలింది.

"రోలరు మంచిది సార్. పొద్దటి సంది అబద్ధం చెప్పాలనే చూసిన. ఒక్క మనిషి చాలు దానికి. మా అక్క చేతికి మంచిగ కుదిరింది. ఆమెను ఉంచుకోన్రి."

వెంకటవ్వకు అప్పుడు తెలిసింది సంగతంతా. తడిగుడ్డలు భుజం మీదే ఉన్నాయి, జాకెట్టు తడుస్తోంది. సారు తల ఊపాడు. అలాగే నర్సింగం, ముందు మీరు బాగవ్వండి అన్నాడు.

నవాగామ్ దాకా ఇద్దరూ నడిచే పోయారు. తమ్ముడు ముందు, అక్క చాలా వెనక. చూసినవాళ్ళు పోట్లాడుకున్నారనుకునే ఉంటారు.

తర్వాత నర్సింగానికి దగ్గు వచ్చింది, ఆయాసం వచ్చింది, సారు ఎవరెవరికో ఫోన్లు చేస్తే ఒక ఆసుపత్రి వరండాలో మంచం దొరికింది. వెంకటవ్వకు కూడా ఒళ్ళు కాగి, తగ్గింది. ఆమెను లోపలికి రానివ్వలేదు. పక్క మంచం అతని ఫోన్లోంచి ఒకసారి మాట్లాడాడు. ఊపిరి అందక మాట మాటకూ ఆగుతున్నాడు. అయినా కోపం తగ్గలేదు.

"కత్తి నీళ్ళల్లనే ఇడిచిన. తీసి తుడువు. తుప్పు వడతది."

అట్లాగే తుడుస్తా, నువ్వైతే రా అంది ఆమె. అతను రాలేదు. రెండు రోజుల తర్వాత తెల్లటి ప్లాస్టిక్‌లో కట్టిన మూటను దూరం నుంచి చూపించి, నర్సింగమే అన్నారు. ఆమె నమ్మాల్సి వచ్చింది.

సారు మాట తప్పలేదు. బార్డోలీ నుంచి మళ్ళీ టెంపో వచ్చిన రోజు వెంకటవ్వ షెడ్డు తెరిచింది. ఒక్క మనిషి కూలి, ఒక్క మనిషి పని. ఈ పని కోసం తమ్ముడు రోజంతా వస్తువులతో కొట్లాడాడని తలుచుకుంటే, ఆమెకు ముందు కోపమొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. గూట్లోంచి రోలరు తీసుకుని, బల్ల దగ్గరికి పోతూ, తనకు తెలియకుండానే భుజం పక్కకు తిప్పి నడిచింది. మొదటి ఫ్రేము మీద రోలరు దొర్లించింది. చెయ్యి నొప్పి లేదు. నీళ్ళు కాచే పని లేదు.

పొయ్యి మీద గిన్నె అట్లాగే ఉంది. నీళ్ళు సగానికి ఇంకి, పైన మైనం పొర కట్టింది. ఆ పొరలో కత్తి ఏటవాలుగా బిగుసుకుపోయి ఉంది. నీళ్ళు తగిలిన చోట తుప్పు గీత, పైన పిడికి చుట్టిన నారింజ రంగు దారం.