దిద్దని కాగితం

1954 ఆగస్టు 16, సోమవారం ఉదయం పదకొండు గంటలకు, మద్రాసు రాయపురంలోని ఒక చిన్న హైస్కూలులో లెక్కల మాస్టరు శేషాచలం కొట్టిన నాలుగో దెబ్బకు ఐదో ఫారం, అంటే పదో తరగతి, విద్యార్థిని తాయారు కుడిచేతి చూపుడువేలు విరిగింది.

పాసుకు ఎన్ని మార్కులు తగ్గితే అన్ని దెబ్బలు. అది ఆయన జూన్‌లో పెట్టిన పద్ధతి. పాసు ముప్పై అయిదు. తాయారుకు ముప్పై ఒకటి.

ఆ మార్కు వేసింది ఆయన కాదు, ఆయన భార్య వరదలక్ష్మి. నాలుగేళ్లుగా ఆ క్లాసు పేపర్లు వంటింట్లో ఆమే దిద్దుతోంది. "ఎస్.ఎస్.ఎల్.సి.లో లెక్కలు బాగా చేసినావంట గదా, ఈడ చూపించు. ఆడ బళ్లో ఎవురికీ తెలియకూడదు" అన్నాడాయన మొదటిసారి. "కూచోని చేసే పనే గదా, చెయ్యి అరిగిపోతుందా?" అంది అత్త. జూన్ తరువాత పేపర్లలో తప్పులు తగ్గి ఖాళీలు పెరగడం ఆమె చూసింది. తప్పు చేస్తామన్న భయంతో తెలియని లెక్క జోలికి ఎవరూ పోవడం లేదు. పిల్లలకు చదువు మీద ఆసక్తి లేదని ఆయన అన్నం తింటూ అనేవాడు, ఆమె మజ్జిగ పోస్తూ వినేది. తాయారు ఒక్కతే రాసేది, కొట్టేసేది, మళ్లీ రాసేది.

మంగళవారం పొద్దున తాయారు తండ్రి, హార్బరు కూలీ మునిరాజు, శేషాచలం ఇంటికొచ్చాడు. "తప్పు మా పిల్లదే సామీ. చదువు ఎక్కలా. టి.సి. ఇప్పించండి. ఎన్నూరులో మా అక్క ఇంటికి తోలేస్తా."

"రేపు బడికి రా" అన్నాడు శేషాచలం.

వరదలక్ష్మి పేపర్ల కట్ట విప్పింది. తాయారు పేపరు చివర దారంతో కుట్టిన ఇంకొక కాగితం ఉంది. దాని మీద ఎర్రసిరా లేదు. దిద్దిన రోజు అన్నం వార్చడానికి మధ్యలో లేచింది, వచ్చి తరువాతి పేపరు తీసుకుంది. ఆ కాగితం మీద రెండు లెక్కలు. రెండూ సరిగ్గా ఉన్నాయి. పది మార్కులు. మొత్తం నలభై ఒకటి.

"తప్పు నాది. ఆ పిల్ల పాసు. కరస్పాండెంటుగారితో చెప్పండి."

"ఏమని? పేపర్లు నా పెండ్లాం దిద్దుతాదనా?" చెంప మీద కొట్టాడు. ఆమె మళ్లీ అదే మాట చెప్పింది. జుట్టు పట్టుకుని తలను తలుపుకేసి కొట్టాడు. పెదవి చీలింది, ఒక పన్ను కదిలింది.

"ఎవుడో కూలోడి బిడ్డ కోసం మొగుడి నోటికాడ కూడు తీస్తావా? గమ్మునుండు" అంది అత్త.

బుధవారం పదిన్నరకు ఆమె పేపరు తీసుకుని బడికి వెళ్లింది. కరస్పాండెంటు భాష్యం గదిలో శేషాచలం, మునిరాజు ఉన్నారు. టి.సి. రాసి ఉంది, సంతకం కాలేదు. ఆమె పేపరు బల్ల మీద పెట్టి, దిద్దని కాగితం చూపించింది.

"ఎవరు దిద్దారమ్మా ఇది?" అన్నాడు భాష్యం.

"నేనే. నాలుగేండ్లుగా."

"మొహానికేమైంది?"

"మెట్ల మీద పడిందండీ" అన్నాడు శేషాచలం.

"పడలేదు. ఈయన కొట్టినాడు. ఈ మాట చెప్తానన్నందుకు."

"ఇంటికి రా, చెప్తా."

మునిరాజుకు అర్థమైంది ఒక్కటే. "అంటే మా పిల్ల పాసా అమ్మా?"

"పాసే."

భాష్యం టి.సి. చించేశాడు. మార్కుల రిజిస్టరులో వరదలక్ష్మి ముప్పై ఒకటి కొట్టేసి నలభై ఒకటి వేసింది, పక్కన తన పేరు రాసింది. ఆ రోజు ఆమె ఇంటికి వెళ్లలేదు.