నాలుగు గంటల బన్ను

చెన్నయ్య మగ్గం గుంటలో కాళ్లు పెట్టాడంటే చుట్టాలొచ్చినా లేవడని గద్వాలలో పేరు. అదే మనిషి సాయంత్రం నాలుగు కాగానే ఎవరో తరిమినట్టు లేచేవాడు. బేకరీకి వెళ్లి ఒక్కటంటే ఒక్క బన్ను కొని, కాగితమైనా చుట్టించకుండా చొక్కా జేబులో వేసుకుని వచ్చేవాడు. ఈలోపు భార్య బాలమణి చాయ్ పెట్టేది. ఇద్దరూ మగ్గం పక్కన కూర్చుని, బన్నును చెరిసగం తుంచుకుని, చాయ్‌లో ముంచుకుని తినేవాళ్లు.

పెళ్లయిన కొత్తలో ఆ ఇంట్లో పదిమంది ఉండేవాళ్లు. అందరికీ తెచ్చే స్తోమత లేక, పెళ్లానికి మాత్రమే తెచ్చానని చెప్పే ధైర్యమూ లేక, చెన్నయ్య బన్నును జేబులో దాచి తెచ్చేవాడు. తర్వాత అన్నదమ్ములు వేరుపడి ఎవరి పొయ్యి వాళ్లు పెట్టుకున్నారు. దాచాల్సిన అవసరం తీరిపోయింది. అయినా ఇరవయ్యారేళ్లుగా బన్ను జేబులోనే వచ్చేది.

అలాంటి బన్ను మీద ఇప్పుడు అనుమానం వచ్చి పడింది.

ఏడాదిగా బాలమణికి కడుపు బాగుండడం లేదు. ఏం తిన్నా ఉబ్బరం, ఆ వెంటనే పెరట్లోకి పరుగు. డాక్టర్ ప్రేమలత రక్తపరీక్షలు చేయించి, పెద్ద జబ్బేమీ లేదని తేల్చి, గోధుమను అనుమానించింది. గోధుమలో గ్లూటెన్ అని ఒకటి ఉంటుందట, కొందరి కడుపుకు అది పడదట. ఆరు వారాలు చపాతీ, బిస్కెట్లు, ఉప్మా, బన్ను అన్నీ బంద్. కడుపు నెమ్మదించాక అప్పుడు మళ్లీ మొదలుపెట్టి చూడాలి. మొదటి రోజు అర బన్ను, రెండో రోజు ఒకటి, మూడో రోజు రెండు. తిన్నదీ, తిన్నాక అయిందీ నోట్‌బుక్కులో రాయాలి.

"మీకు పల్లీలు ఎట్లాగూ పడవు. వాటి జోలికి మాత్రం ఎప్పుడూ పోకండి. ఆ రెండూ కలిశాయంటే ఏది దేనివల్ల వచ్చిందో నాకే అర్థం కాదు" అంది డాక్టర్.

"గది మాకు ఎర్కే డాక్టరమ్మా" అంది బాలమణి. "మగ్గం మీద పోగు ఊకె తెగుతుంటె మేం గూడ గట్లనే చేస్తం. ఒక్కసారికి ఒక్కటే మారుస్తం, బెత్తెడు నేసి చూస్తం. రెండు మారిస్తె దొంగ దొరకడు."

పల్లీల కథ వేరే. అత్తగారింట్లో బాలమణి తిన్న మొదటి ముద్దలోనే పల్లీల పొడి ఉంది. ముద్ద మింగేలోపు పెదవులు దురదపెట్టి బూరెల్లా ఉబ్బాయి. కొత్త పెళ్లికొడుకు హడలిపోయి, ఆ రోజే పల్లీలు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఊరు దాటితే పల్లీ చేలే కనిపించే ఆ ప్రాంతంలో పల్లీ చట్నీ లేకుండా ఇడ్లీ తినడమంటే మాటలా? ఇరవయ్యారేళ్లు తిన్నాడు, పాపం.

ఇప్పుడు ఆ మహానుభావుడు రెండో ఒట్టు కూడా పెట్టుకున్నాడు. "నువ్వు తిననిది నేనెట్ల తింటనే? నేను గూడ బన్ను ముట్ట."

బన్ను లేదు సరే, నాలుగైతే కాళ్లు ఊరుకుంటాయా? బజారుకే లాక్కుపోయాయి. బేకరీ వైపు చూడకూడదని తల తిప్పుకుంటే, ఆ తిప్పిన వైపే ఇమ్మానుయేల్ బండి ఉంది. కాగే ఇసుకలో పల్లీలు చిటపటలాడుతున్నాయి. మొదటి రోజు వాసన చూసి వచ్చాడు. రెండో రోజు నాలుగు గింజలు రుచి చూశాడు. మూడో రోజు నుంచి పొట్లం కొని జేబులో వేసుకుని, మూలమలుపు దాకా నములుకుంటూ వచ్చేవాడు. అక్కడి నల్లా దగ్గర పుక్కిలించి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, పూజ చేసి వచ్చినవాడిలా ఇంట్లో అడుగుపెట్టేవాడు.

ఆరు వారాల్లో బాలమణి కడుపు నెమ్మదించింది. పరీక్ష మొదలైంది. మొదటి రోజు అర బన్ను తింది, ఏమీ కాలేదు. చెన్నయ్య సంబరం ఇంతా అంతా కాదు. రెండో రోజు ఉతికిన చొక్కా ఆరకపోవడంతో, కొయ్యకు వేలాడుతున్న పాత చొక్కా తొడుక్కుని బేకరీకి పరుగెత్తాడు.

బాలమణి రెండు ముక్కలు తిందో లేదో, పెదవుల మీద చెయ్యి పెట్టుకుంది.

ఇంట్లో ఉన్న మాత్ర వేసి, ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకుపోయాడు. ఉబ్బిన పెదవులతోనే బాలమణి కళ్లు తుడుచుకుంది. "అయిపోయిందయ్యా. బన్నే దొంగ. ఇంక మనకు రాసిపెట్టి లేదు."

కళ్లు తుడుద్దామని చెన్నయ్య రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాడు. వేళ్లకు ఎర్రటి పల్లీ పొట్టు అంటుకుని వచ్చింది. ఆరు వారాలు పల్లీ పొట్లాలు మోసిన జేబు అది, ఇవాళ్టి బన్నూ అందులోనే వచ్చింది. నోరు మూసుకుంటే తన గుట్టు దాగుతుంది, నేరం బన్ను మీదికి పోతుంది. కానీ ఆమె పెదవులు చూస్తే నోరు మూసుకోబుద్ధి కాలేదు.

సూది మందు వేశాక, వాపు తగ్గుతుండగా డాక్టర్ నోట్‌బుక్కు తెరిచింది. చెన్నయ్య ఆమె ముందుకు వెళ్లి జేబును తిరగేసి చూపించాడు. పొట్టు రాలి బల్ల మీద పడింది.

"గోధుమ మీద రాయకుండ్రి డాక్టరమ్మా. దొంగను నేను."

డాక్టర్ పెట్టిన చీవాట్లు పక్క గదిలో రోగులు కూడా విన్నారు. బాలమణి మాత్రం మూడు రోజులు మగ్గం వైపే రాలేదు. నాలుగో రోజు మగ్గం దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఇరవయ్యారేండ్లు ఆగినోనివి, ఆరు వారాలు ఆగకపోతివా?"

"పల్లీల మీద పానం గుంజి కాదే" అన్నాడు చెన్నయ్య తల వంచుకుని. "బన్ను లేదని నాలుగింటికి నువ్వు కూసునుడే బంద్ చేస్తివి. చాయ్ ఈడ పెట్టి పోతివి. ఒక్కన్ని ఏం చెయ్యాలె?"

బాలమణికి కోపం అక్కడే కరిగిపోయింది, కానీ ఆ సంగతి అతనికి చెప్పలేదు.

ఒళ్లు కుదుటపడేందుకు డాక్టర్ ఇచ్చిన గడువు తీరాక మళ్లీ మొదటి నుంచి మొదలు. ఈసారి బాలమణే వెళ్లి, బన్ను కాగితంలో చుట్టించుకుని తెచ్చుకుంది. చెన్నయ్యను గడప దాటనివ్వలేదు. మొదటి రోజు కడుపు కొంచెం బిగిసింది. రెండో రోజు ఉబ్బి డోలయింది, మళ్లీ పెరట్లోకి పరుగులు. మూడో రోజు దాకా పోనక్కరలేకపోయింది. నోట్‌బుక్కులో ఆమే రాసుకుంది: 'పెదువులు మంచిగున్నయి. కడుపు మంచిగ లేదు.' డాక్టర్ అది చదివి, గోధుమ మానేయమని చెప్పింది.

మర్నాడు నాలుగైంది. చెన్నయ్య గడియారం వైపు చూడకుండా నేస్తూనే ఉన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగి పోగులు సరిగ్గా కనిపించడం లేదు.

"దిగొస్తవా, రావా?" అని పిలిచింది బాలమణి.

రెండు గ్లాసుల చాయ్, పక్కన పళ్లెంలో కడక్ రొట్టె. రాయచూరు వైపు చేసే ఎండు జొన్నరొట్టె, అప్పడంలా పెళపెళలాడుతుంది. బాలమణి దాన్ని చెరిసగం విరిచింది. చెన్నయ్య చాయ్‌లో ముంచి తీశాడు. రొట్టె రాయిలాగే ఉంది.

"ఇది నానదేందే?"

"నానుతది. జరసేపు పట్టుకో."

పట్టుకుని కూర్చున్నారు. బన్ను రెండు నిమిషాల్లో అయిపోయేది. ఈ రొట్టె నానేలోపు అతను కొత్త చీర అంచు గురించి చెప్పాడు, ఆమె తన చెల్లెలి గురించి చెప్పింది, చాయ్ చల్లారింది, మళ్లీ వేడి చేసుకున్నారు.

"రేపటి రొట్టెలు బజార్లకెల్లి నేను తెస్త" అన్నాడు.

"జేబులనా?"

చెన్నయ్య చొక్కా ముందుకు లాగి చూపించాడు. జేబు మూతి చీర అంచుకు వాడే పట్టు పోగుతో, సందు లేకుండా కుట్టేసి ఉంది. బాలమణి ఆ కుట్టు మీద ఒకసారి వేలు రాసి, ఇంకో రొట్టె విరిచింది.