ముగ్గురికి ఒకే మైకు

నేను ఒకే ఒక మైకుని, ముగ్గురు పాడుకోవడానికి. ఇప్పుడు బీరువా అడుగున పాత యూనిఫారాల కింద ఉన్నాను. బొంబాయిలో తయారై, నెల్లూరులో ఒక సౌండు షాపులో ఎన్నికల అరుపులూ పెళ్ళి ప్రకటనలూ విన్నాను. మనుషులకి తమ గొంతంటే ఎంత ప్రేమో అక్కడే తెలిసింది. తర్వాత బిట్రగుంట రైల్వే కాలనీలో ఇంజను డ్రైవరు డెస్మండ్ నన్ను కొన్నాడు.

అతనూ, భార్య ఐవీ, ఆమె చెల్లెలు నోరీన్ కలిసి ‘జంక్షన్ త్రీ’ అనే పాటల బృందం. పాడేవి అమెరికా పల్లెపాటలు: గుర్రాలు, పచ్చికబయళ్ళు, విడిచివెళ్ళిన ప్రియులు. ముగ్గురిలో ఎవరూ గుర్రం ఎక్కలేదు. అయినా రైల్వే వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ హాల్లో జనం కళ్ళు తుడుచుకునేవారు.

ఆ గొంతులు కలిసేది దూరాల లెక్కతోనే. ఐవీ నాకు జానెడు దూరంలో, నోరీన్ మూరెడు, ఉరిమే గొంతున్న డెస్మండ్ రెండు మూరలు. మొదట్లో సుద్దగీతలు గీసుకునేవారు. తర్వాత కాళ్ళకే తెలిసిపోయింది. పదిహేనేళ్ళు గుంతకల్లు, కాజీపేట, రైలున్న చోటల్లా పాడారు.

అప్పుడు ఐవీకి ఉబ్బసం వచ్చింది. గొంతు పలచబడింది. ఒక సాయంత్రం పాట మధ్యలో నోరీన్ అరడుగు వెనక్కి జరిగింది. డెస్మండ్ చూసి తనూ జరిగాడు. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. కళ్ళు మూసుకుని పాడే ఐవీకి ఏమీ తెలియలేదు.

"నా గొంతు చెక్కుచెదరలేదు, చూశావా?" అనేది.

"నీ దెబ్బకి మేమే వినపడటం లేదక్కా," అనేది నోరీన్.

ఏటేటా ఇంకాస్త వెనక్కి. ఆ దయని వినీ వినీ అలిసిపోయాను.

ఒక క్రిస్మస్ సభకి కొత్త సౌండువాడు ఇంకో రెండు మైకులు తెచ్చాడు. "ఇక తోసుకోవడమెందుకాంటీ? ఎవరిది వాళ్ళదే."

"మాకొద్దు బాబూ, ఒకటి చాలు," అంది నోరీన్ కంగారుగా.

"భయమెందుకే? ఇన్నాళ్ళకైనా నీ గొంతు బయటపడనీ," అని ఐవీ నవ్వింది.

అలవాటుకొద్దీ మిగతా ఇద్దరూ తమ మైకులకీ దూరంగానే నిలబడటంతో, రెండో చరణంలో ఐవీ ఊపిరి ఈల ఒక్కటే స్పీకరులోంచి వినిపించింది. ఆగిపోయింది. పక్కకి తిరిగి ఇద్దరినీ చూసింది.

"ఇన్నాళ్ళూ ఎంత దూరాన నిలబడ్డారే?"

ఐవీ చెల్లెలి మోచెయ్యి పట్టుకుని నా ముందుకి లాగి, తను వెనక్కి తప్పుకుంది.

"పాడవే."

నోరీన్ పాడింది. తొమ్మిదేళ్ళుగా ఆమె నాకు ఇంత దగ్గరికి రాలేదు. ఆ గొంతు కూడా అరిగిపోయి ఉంది. దూరాన ఉన్నందువల్ల నాకే తెలియలేదు.

వెనకనుంచి ఐవీ మాత్రం, "ఎంత బాగుందే, ఎంత బాగుందే," అంటూనే ఉంది. ఈసారి అబద్ధం చెప్పడం ఆమె వంతు.