వెడల్పు మూతి సీసా

నాలుగో సీసా కూడా కడిగి తువ్వాలు మీద బోర్లిస్తుంటే భార్య వచ్చి ఐదోది ఆయన చేతిలో పెట్టింది. చిన్నది, ప్లాస్టిక్‌ది, ఎర్ర మూత. నాలుగు రోజుల కిందట ఆస్పత్రిలో ఇచ్చినది.

"ఇవాళ కూడా మర్చిపోయారు కదూ?"

మర్చిపోయాడు. పొద్దున్నే మొదటి మూత్రం పట్టి తెమ్మన్నాడు డాక్టరు. అది, రక్తం రెండూ చూస్తేగానీ పాదాల వాపు ఎందుకో, మెట్లెక్కితే ఆయాసం ఎందుకో చెప్పలేనన్నాడు. ఈయనకేమో ఆ సంగతి లేవగానే కాదు, పని కానిచ్చుకుని చేతులు కడుక్కుంటుంటే గుర్తొస్తోంది.

"రేపిస్తాలే."

"ఏ నమూనా ఎప్పుడు తీయాలో ఊరందరికీ పాఠాలు చెప్తారు. మీ దాకా వచ్చేసరికి రేపు! ఇంతకన్నా మేకతో చేయించడం తేలిక."

"మేకకి నోరుండదు కాబట్టి."

"మీకు నోరు తప్ప ఇంకేమీ లేదు. ఇది తీసుకెళ్లి బల్ల మీద ఎదురుగా పెట్టుకోండి. రోజంతా చూస్తే రేపటికైనా బుర్రకెక్కుతుంది. రేపూ ఇవ్వలేదో, నేనే వచ్చి మీ కిటికీ ముందు నిలబడతాను. నలుగురిలో అడిగేస్తాను, చూసుకోండి."

అన్నంత పనీ చేసే మనిషే. ఆయన ఐదు సీసాలూ సంచిలో సర్దుకుని బయల్దేరాడు.

పశువుల రోగనిర్ధారణ ప్రయోగశాలలో కింది అంతస్తున, మెట్ల పక్కన, ఒక కిటికీ ఉంది. ఎవరు ఏ నమూనా తెచ్చినా ముందు అక్కడే ఇవ్వాలి. ఆ కిటికీ వెనక ఎత్తు స్టూలు మీద ఆయన ఇరవై ఆరేళ్లుగా కూర్చుంటున్నాడు. పొట్టి మనిషి. కళ్లద్దాలకు నల్ల దారం, చెవి మీద పెన్సిలు. కూర్చోగానే చెప్పులు విడిచి పాదాలు చల్లటి గచ్చు మీద ఆనిస్తాడు. ఈ మధ్య ఆ పాదాల మీద చెప్పుల పట్టీల గుర్తులు సాయంత్రం దాకా పోవడం లేదు. పెద్ద చదువేం కాదు, పెద్ద జీతం కాదు. పేపర్లో ఫోటో పడే పని ఒక్కటీ చేయలేదు. ఆయన అసలు పేరు జీతాల జాబితాలో ఉంటుంది గానీ అందరికీ ఆయన సీసాల సారు.

ఆ పేరు రావడానికి కారణం ఉంది. జనం కాలేయం ముక్కో, మూత్రపిండం ముక్కో కోసి, కుళ్లకుండా ఫార్మలిన్ మందు పోసిన సన్నమూతి సీసాలో దూరుస్తారు. మెత్తగా ఉన్నప్పుడు సుబ్బరంగా జారిపోతుంది. ఆ మందులో ఒక రోజు నానితే రబ్బరులా గట్టిపడుతుంది. ఇక తలకిందులుగా తపస్సు చేసినా బయటికి రాదు. సీసా పగలగొట్టాలి, గాజుపెంకులు ఏరాలి. ఇది చూసి చూసి విసుగెత్తి, ఆయన ఇరుగుపొరుగు ఇళ్లలో ఖాళీ జామ్ సీసాలు అడిగి పుచ్చుకోవడం మొదలుపెట్టాడు. కడిగి, ఆరబెట్టి, కిటికీ దగ్గరికి వచ్చినవాళ్లకు ఇస్తాడు. "నీకిది పనా?" అని తోడు గుమాస్తాలు నవ్వారు. తర్వాత వాళ్లే తమ ఇళ్ల నుంచి తెచ్చివ్వసాగారు.

సీసా విషయంలో ఎంత మెతకో లేబుల్ విషయంలో అంత చండశాసనుడు. లేబుల్ లేకపోతే నమూనా పుచ్చుకోడు. పెన్నుతో రాస్తే ఒప్పుకోడు. మందు తగిలితే సిరా కరిగిపోతుంది, పెన్సిలు గీత నిలుస్తుంది. పాత లేబుల్ మీద కొత్తది అతికిస్తే మాత్రం ఆయనకు ఒళ్లు మండుతుంది. "కింద ఒకరు, పైన ఒకరు! ఊడితే ఎవరి రోగం ఎవరికి చెప్పాలయ్యా?" అని పైమెట్టు దాకా వినబడేలా అరుస్తాడు.

ఆ రోజు పది దాటేసరికి నాలుగు జామ్ సీసాలూ అయిపోయాయి. కోళ్లఫారం మనిషి రెండు పట్టుకెళ్లాడు, పశువుల ఆస్పత్రి కాంపౌండరు రెండు. జనం పలచబడ్డాక ఎర్ర మూత సీసా ఒక్కటే ఆయన కళ్లెదుట మిగిలింది.

నిజానికి అది మతిమరుపు కాదు, భయం. ఇరవై ఆరేళ్లుగా పై అంతస్తు నుంచి కిందికొచ్చే రిపోర్టులు కవర్లలో పెట్టి ఇస్తున్నాడు. కవరు విప్పేముందు మనుషులు తన మొహంలోకి ఎలా చూస్తారో ఆయనకు తెలుసు. ఆ కవరు తన చేతికి రావడం ఆయనకు ఇష్టం లేదు. ఈ మాట భార్యతో అనలేక రేపు, రేపు అంటున్నాడు.

పెన్సిలు తీసి, ఆస్పత్రివాళ్లు అంటించిన ఖాళీ లేబుల్ మీద, అలవాటు ప్రకారం పొందికగా రాశాడు.

జాతి: మనిషి. మగ. వయసు: యాభై ఎనిమిది. యజమాని: మా ఆవిడ. వాడిన మందులు: తిట్లు, రోజుకు మూడు పూటలా. నమూనా తీసిన సమయం:

అక్కడ ఆగాడు. తనలో తనే నవ్వుకున్నాడు. సాయంత్రం చూపిస్తే ఆవిడ కూడా నవ్వుతుంది. ఆవిడ నవ్వితే రేపు పొద్దున ఈ పని తేలికవుతుంది.

"సారూ!"

కిటికీ అవతల ఒకావిడ. కొంగు నడుముకు బిగించి ఉంది, మోకాళ్ల దాకా దుమ్ము. దగ్గుమందు సీసా ఒకటి కిటికీలో పెట్టింది. సన్నమూతి. లోపల బూడిదరంగు ముక్క, సీసాకు బిరడాలా.

"మేకపిల్లది, కాలేయం. మొన్నటి నుంచి మూడు పోయినాయి సారూ. ఇంకా పదకొండున్నాయి. దేంతో పోతున్నాయో చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

ఆయన సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. ఇంకో రోజైతే తిట్టేవాడే. ఆవిడ మొహం చూసి, సీసా మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"దీన్ని పగలగొట్టి తీయాలి తల్లీ. పైన కోసి, రంగులేసి చూడ్డానికి వారం పడుతుంది."

"వారమా!" ఆవిడ కిటికీ చువ్వ పట్టుకుంది. "వారానికి నాకొక్కటీ మిగలదు. ఇల్లు నడిచేదే వాటి మీద."

"బతికున్నవాటికి విరేచనాలున్నాయా?"

"నెత్తురు పడుతోంది."

"అయితే చచ్చినదాన్ని వదిలెయ్. బతికున్నదాని విరేచనం కావాలి. నేల మీద పడింది కాదు, చేతికి తొడుగేసుకుని లోపల్నుంచి తియ్యాలి. మూడింటిలోపు తెస్తే ఇవాళే చూస్తారు. బస్సెప్పుడు?"

"ఇంకో ఐదు నిమిషాల్లో. దేంట్లో తేను సారూ?"

బల్ల కింద చూశాడు. అలమారలో చూశాడు. చివరికి ఎర్ర మూత సీసా చేతిలోకి తీసుకున్నాడు. లేబుల్ అంచు గోటితో గీరాడు. ఆస్పత్రివాళ్ల జిగురు మొండిది, ఊడలేదు. రోడ్డు మీద బస్సు హారను మోగింది. ప్రయోగశాల లేబుల్ ఒకటి తీసి మేక వివరాలు రాసి, పైన అతికించేశాడు. ఇరవై ఆరేళ్లలో అదే మొదటిసారి. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు కూడా.

"కొత్తదానిలా ఉందే, మీకు పనికొచ్చేదేమో సారూ?"

"నా పని రేపు కదా. పరుగెత్తు."

ఆవిడ మూడుకు పావుగంట ముందే వచ్చేసింది. రొప్పుతోంది. నమూనాలు పైకి చేర్చే అటెండరు సెలవు. పై అంతస్తులో నమూనాలు చూసే డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆయనే సీసా పట్టుకుని ఇరవై రెండు మెట్లూ ఎక్కాడు. మధ్యలో రెండుసార్లు గోడకు ఆనుకున్నాడు.

"మీరెందుకెక్కారండీ ఈ ఎండలో?" డాక్టరమ్మ కేకలేసింది. "కూర్చోండి ముందు. మొహం చూడండి, ఎలా అయిందో!"

"నన్ను తర్వాత చూద్దురు. ముందు దీన్ని చూడండి మేడమ్. పదకొండున్నాయట."

డాక్టరమ్మ దాన్ని ఉప్పునీళ్లలో కలిపి, తేర్చి, పైన తేలినదాన్ని గాజుపలక మీదకు తీసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. అరగంటకు తలెత్తింది. పేగుల్లో పెరిగే పరాన్నజీవి, ఆవాలు చల్లినట్టు కుప్పలు కుప్పలు. మందుంది. ఈ పూటే మొదలుపెట్టాలి.

ఆయన కిందికొచ్చి మందు చీటీ ఇచ్చి, ఎంత మోతాదో మేకలావిడతో రెండుసార్లు అప్పజెప్పించుకున్నాడు.

"అన్నీ దక్కుతాయా సారూ?"

"అన్నీ అని అబద్ధం చెప్పలేను. చాలావరకు దక్కుతాయి. కొట్టం పొడిగా ఉంచు. జబ్బువి విడిగా కట్టెయ్. ఆలస్యం చెయ్యకు తల్లీ, ఇలాంటివి ఆలస్యం చెయ్యకూడదు."

ఆవిడ దణ్ణం పెట్టి పరుగున వెళ్లింది. ఆయన రిజిస్టరులో ఫలితం చెప్పిన సమయం రాశాడు. మూడూ యాభై. చెప్పులు విడిచి, పాదాలు గచ్చుకు ఆనించి, గోడకు చేరగిలబడ్డాడు.

ఐదింటికి, గాజుసామాను కడిగే ఆవిడ తాళాలతో వచ్చింది. "సారూ, కునుకు చాలు, లేవండి" అంది. భుజం తట్టింది. మళ్లీ తట్టింది. పెన్సిలు ఆయన వేళ్ల మధ్యే ఉంది. గుండె ఆగి ఎంతసేపైందో పైనుంచి పరుగున వచ్చిన డాక్టరమ్మ కూడా చెప్పలేకపోయింది.

పన్నెండు రోజుల తర్వాత ఆయన భార్య ఆఫీసుకొచ్చింది. కాగితాల మీద సంతకాలు పెట్టింది. వెళ్తూ వెళ్తూ మెట్ల పక్కన ఆగింది. కిటికీ ముందు నిలబడింది. లోపల స్టూలు ఖాళీగా ఉంది.

కడిగే ఆవిడ కొంగులో ఏదో దాచుకుని వచ్చింది. "అక్కా, ఆ మేకలావిడ నిన్న ఫోన్ చేసింది. ఒక్కటి పోయిందట, పది నిలబడ్డాయట. సారుకు చెప్పమంది. నేనేం చెప్పను?" ముక్కు చీదుకుని, కొంగులోంచి ఎర్ర మూత సీసా తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. "సీసా నానబెడితే పై కాగితం ఊడింది. అడుగున ఇది ఉంది."

భార్య చదివింది. ముందు నవ్వొచ్చింది, ఆయన అనుకున్నట్టే. పకపకా నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో తెలియలేదు. కిటికీ చువ్వ పట్టుకుని, "ఎంత పని చేశావయ్యా" అని, పెళ్లయ్యాక మొదటిసారి ఆయన్ని ఏకవచనంలో పిలిచి, వెక్కి వెక్కి ఏడ్చింది.

సీసా కిటికీ గట్టు మీదే ఉంది. శుభ్రంగా కడిగినది, వెడల్పు మూతిది, ఎర్ర మూత పక్కన తీసి పెట్టి ఉంది. పెన్సిలు రాత ఒక్క అక్షరం చెరగలేదు. నమూనా తీసిన సమయం అన్నచోట మాత్రం ఏమీ లేదు.